బడి నడుపుతూ డాక్టరేట్: తిరుపతి, చిత్తూరు హెచ్‌ఎంలకు ఏ దారి నప్పుతుంది?

తిరుపతి, చిత్తూరు వైపు హెచ్‌ఎంలు, ప్రైవేటు బడుల ప్రిన్సిపాళ్లు పీహెచ్‌డీ మాట ఎత్తితే మొదట అడిగేది యూనివర్సిటీ పేరే. "ఎస్వీలో చేయాలా, పద్మావతిలోనా? ఆన్‌లైన్‌లో ఫారిన్ డాక్టరేట్ కూడా ఉందట కదా, అది పనికొస్తుందా?" అని. అక్కడ మొదలుపెడితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. రేపు ఆ డిగ్రీ చూసి విలువ కట్టేది ఎవరో ముందు తేల్చుకోవాలి. విద్యాశాఖా, బీఈడీ కాలేజీ యాజమాన్యమా, మీ కరస్పాండెంటా, ఇంటర్నేషనల్ స్కూలా? ఎవరూ కాదు, నా తృప్తి కోసమే అన్నా మంచిదే. అయితే జవాబును బట్టి దారి మారిపోతుంది.

ఇంకో మాట. మన దగ్గర "ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్" పేరుతో విడిగా డాక్టరేట్ వెతికితే దొరకడం కష్టం. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీకి చేరి, పాఠశాల నాయకత్వం, నిర్వహణ మీద టాపిక్ తీసుకోవడమే ఇక్కడి పద్ధతి. ఆ పేరుతోనే నడిచే ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) కోర్సులు ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నాయి.

ఈ డిగ్రీని అడిగేది ఎవరు?

ప్రభుత్వ బడిలో ఉన్నవారికి కాస్త చేదు నిజం: ప్రమోషన్ నడిచేది సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ టెస్టుల మీద. పీహెచ్‌డీ ఉందని హెచ్‌ఎం సీటు ముందుగా రాదు. డిప్యూటీ ఈఓ పోస్టులకు ఏపీపీఎస్సీ నేరుగా నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు అడిగింది పీజీ, బీఈడీ. సీబీఎస్‌ఈ బడిలో ప్రిన్సిపాల్ కావాలన్నా పీజీ, బీఈడీ, అనుభవం చాలు.

బీఈడీ కాలేజీ వైపు వెళ్లాలనుకునేవారికి మాత్రం పీహెచ్‌డీ నిజంగానే తలుపు తీస్తుంది. కాకపోతే అక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని ఆలస్యంగా చూస్తారు. ఉపాధ్యాయ శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం బీఈడీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు పీజీలో 55 శాతం, ఎంఈడీలో 55 శాతం, పీహెచ్‌డీ ఉండాలి. వాటితోపాటు ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో ఎనిమిదేళ్ల బోధనానుభవం కూడా ఉండాలి. బడిలో ఇరవై ఏళ్లు హెచ్‌ఎంగా చేసినా ఆ ఎనిమిదేళ్ల కింద లెక్కకు రాదు. అంటే యాభై దాటాక పీహెచ్‌డీ ముగించి నేరుగా ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుందామనే ఆలోచన కాగితం మీదే వీగిపోతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ముందు అడుగు పెట్టాలి.

ప్రైవేటు యాజమాన్యాల సంగతి వేరు. కరపత్రం మీద ప్రిన్సిపాల్ పేరు ముందు "డాక్టర్" ఉంటే అడ్మిషన్లకు బాగుంటుందని వారికి ఉంటుంది. ఆ ఉత్సాహం జీతంలోనూ కనిపిస్తుందా, సెలవు ఇచ్చేటప్పుడూ ఉంటుందా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోండి.

అన్ని దారులకూ వర్తించే లెక్కలు

యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలే ఇప్పుడు ఆధారం. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్‌కు చెందని ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వారికి 5 శాతం సడలింపు ఉంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి మరో రెండేళ్లు అదనం, మొత్తం పదేళ్లు దాటకూడదు. కోర్స్‌వర్క్ (పరిశోధనతోపాటు చదవాల్సిన పాఠ్యాంశాలు) 12 నుంచి 16 క్రెడిట్లు. ఎంఫిల్ ఇక లేదు.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయడానికి ఈ నిబంధనలే అనుమతిస్తున్నాయి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ కుదరదని కూడా ఇవే చెబుతున్నాయి. పార్ట్‌టైమ్ అంటే దూరవిద్య కాదు. పరీక్షలు, కోర్స్‌వర్క్, సెమిస్టర్‌కోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నివేదిక, అన్నీ ఫుల్‌టైమ్ వారికి ఉన్నట్టే ఉంటాయి.

పని చేసే చోటి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. అందులో మూడు మాటలు ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చేయడానికి అనుమతి ఇస్తున్నాం, పరిశోధనకు తగినంత సమయం పెట్టడానికి ఇతని విధులు వీలిస్తాయి, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విధుల నుంచి రిలీవ్ చేస్తాం. మొదటి రెండూ సులువుగా వచ్చేస్తాయి. మూడో వాక్యం దగ్గరే ఫైలు ఆగుతుంది.

ప్రవేశానికి రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ ఆర్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, అది ఏటా ఒకే నెలలో వస్తుందని నమ్ముకోలేం. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ స్కోరునూ పీహెచ్‌డీ ప్రవేశాలకు వాడుతున్నారు. జేఆర్‌ఎఫ్ (పరిశోధనా ఫెలోషిప్) రాని అభ్యర్థులకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు ఏడాది చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది గానీ, పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ రాసేందుకు లేదు. నలభై ఐదేళ్ల హెచ్‌ఎం కూడా రాయొచ్చు.

ఎంఎస్సీ, బీఈడీతో హెచ్‌ఎం అయినవారికి ఇంకో మెట్టు ఉంటుంది. ఎడ్యుకేషన్ విభాగంలో చేరాలంటే సాధారణంగా ఎంఈడీ గానీ ఎంఏ ఎడ్యుకేషన్ గానీ అడుగుతారు. ఎంఈడీ ఇప్పుడు రెండేళ్లు. ఇగ్నో ఎంఏ ఎడ్యుకేషన్ దూరవిద్యలో దొరుకుతుంది, కానీ మీరు చేరదలచిన విభాగం దాన్ని ఒప్పుకుంటుందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

మొదటి దారి: ఇక్కడే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ

తిరుపతి మనకు అదృష్టం. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉన్నాయి, రెండింటిలోనూ ఎడ్యుకేషన్ విభాగాలున్నాయి. సంస్కృత నేపథ్యం ఉన్నవారికి 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి శిక్షాశాస్త్ర విభాగం పాతదే. చిత్తూరు జిల్లా చివరి మూలన కుప్పంలో 1997 నాటి ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది. తిరుపతి నుంచి అది దూరాభారం. పలమనేరు, వి.కోట, రామకుప్పం వైపు పనిచేసేవారికి మాత్రం ముందు చూడాల్సింది అదే.

ఈ దారిలో పెద్ద లాభం ఖర్చు తక్కువ కావడం కాదు, గైడ్‌ను నెలకోసారైనా ముఖాముఖి కలిసే వీలుండటం. పుత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో పనిచేసే హెచ్‌ఎం మధ్యాహ్నం సెలవు పెట్టి సాయంత్రానికి గైడ్‌తో మాట్లాడి ఇంటికి చేరగలరు. ఫోన్‌లో నాలుగు నెలలు తేలని అధ్యాయం ఎదురుగా కూర్చుంటే గంటలో తేలుతుంది.

చిక్కు ఎక్కడంటే క్యాలెండర్‌లో. మీకు తీరిక దొరికేది ఏప్రిల్ చివర నుంచి జూన్ 12న బడి తెరిచే దాకా. సరిగ్గా అప్పుడే మీరు పరిశోధించాల్సిన బడులన్నీ తాళాలు వేసి ఉంటాయి. ప్రశ్నావళి ఇవ్వడానికి టీచర్లు ఉండరు, గమనించడానికి తరగతులు ఉండవు. బడులు నడిచే రోజుల్లో మీ బడీ నడుస్తుంటుంది. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతి వంద రోజుల ప్రణాళిక, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆపైన ఒంటిపూట బడులు, ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్. కాబట్టి ఫీల్డ్‌వర్క్‌కు నిజంగా మిగిలేది జూలై నుంచి సెప్టెంబరు దాకా, తర్వాత నవంబరు. వేసవి రాయడానికి. ఈ లెక్కతో టాపిక్ ఎంచుకున్నవారికి ఆరేళ్లు సరిపోతాయి. టాపిక్ ముందు పెట్టుకుని తర్వాత సమయం వెతుక్కున్నవారు రీ-రిజిస్ట్రేషన్ దాకా వెళ్తారు.

రెండో దారి: నీపా

న్యూఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థను అందరూ నీపా అంటారు. పాఠశాల పరిపాలన మీద దేశంలో ఇంతకంటే సూటిగా పనిచేసే సంస్థ లేదు. 2006లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్ రెండు రకాల పీహెచ్‌డీలూ ఇస్తుంది. 2012లో దీని కిందే జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. విధానం, నిధులు, వికేంద్రీకరణ, ఎంఈఓ స్థాయి పాలన లాంటివి మీ ఆసక్తి అయితే ఇక్కడి గైడ్ల దగ్గర దొరికే చర్చ ఎస్వీలో దొరకడం కష్టం. ఈ మాట ఎస్వీ పూర్వ విద్యార్థులకు నచ్చకపోవచ్చు.

ఇబ్బంది ఢిల్లీ. కోర్స్‌వర్క్‌కు అక్కడ ఉండాలి, ఆన్‌లైన్‌లో గడిపేయలేం. ఎన్‌ఓసీలోని మూడో వాక్యం ఇక్కడ నిజంగానే అమలు కావాలి. నాకు తోచినంతవరకు ఇది డీఈఓ ఆఫీసు, సమగ్ర శిక్ష, ఎస్‌సీఈఆర్‌టీ లాంటి చోట్ల పనిచేస్తూ విధాన స్థాయికి వెళ్లాలనుకునే నలభై ఏళ్ల లోపు వారికి మేలైన దారి. రోజూ ఉదయం ప్రార్థనకు ముందే గేటు దగ్గర నిలబడాల్సిన హెచ్‌ఎంకు కాదు.

మూడో దారి: సెలవు పెట్టి ఫుల్‌టైమ్

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్టడీ లీవు మంజూరై, ఇంట్లో రెండో జీతం ఉంటే ఇది అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. జీతం లేని సెలవైతే ఇంక్రిమెంట్, సీనియారిటీ, పెన్షన్ లెక్క మీద ప్రభావం ఎంతో సర్వీస్ రూల్స్ తెలిసిన సూపరింటెండెంట్‌తో కూర్చుని రాయించుకోండి. ప్రైవేటు ప్రిన్సిపాల్‌కైతే మూడేళ్ల తర్వాత అదే కుర్చీ ఖాళీగా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

నాలుగో దారి: విదేశీ ఈడీడీ

ఈడీడీ కొత్తది కాదు. హార్వర్డ్ మొదటి ఈడీడీ ఇచ్చింది 1921లో. బ్రిటన్‌లో బ్రిస్టల్ 1992లో మొదలుపెట్టింది. పని చేస్తున్న ప్రిన్సిపాళ్లు, జిల్లా స్థాయి అధికారుల కోసమే తీర్చిదిద్దిన డిగ్రీ ఇది. 2007లో అమెరికాలో మొదలైన కార్నెగీ ప్రాజెక్టు దీనికి మరింత స్పష్టత తెచ్చింది. అప్పటినుంచి చాలా చోట్ల థీసిస్ అంటే మీ బడిలో నిజంగా ఉన్న ఒక సమస్యను పట్టుకుని, కారణాలు వెతికి, ఒక మార్పు చేసి చూసి, ఫలితం రాయడం. హాజరు ఎందుకు పడిపోతోంది, కొత్త టీచర్లు రెండేళ్లకే ఎందుకు వెళ్లిపోతున్నారు, ఇలాంటివి. చదువుగా చూస్తే, బడి నడిపేవారికి మన పీహెచ్‌డీ కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

కానీ మన దగ్గర గుర్తింపు వేరే కథ. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి అమ్ముతున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులో బహిరంగంగా హెచ్చరించాయి. నేరుగా విదేశీ యూనివర్సిటీలో చేరి తెచ్చుకున్న డిగ్రీకైనా సమానత్వ ధ్రువపత్రం (ఇక్కడి డిగ్రీకి సమానమన్న పత్రం) విడిగా తెచ్చుకోవాలి, దానికి యూజీసీ 2025లో కొత్త నిబంధనలు పెట్టింది. బీఈడీ కాలేజీయో యూనివర్సిటీయో మీ లక్ష్యమైతే ఈ ధ్రువపత్రం వస్తుందా లేదా అన్నది తేలకుండా ఒక్క డాలరు కూడా కట్టొద్దు. గల్ఫ్, సింగపూర్ ఇంటర్నేషనల్ స్కూళ్లు మీ లక్ష్యమైతే అక్కడి యాజమాన్యాలకు మన సమానత్వ పత్రంతో పెద్దగా పని లేదు, యూనివర్సిటీ పేరు చూస్తారు.

సమయం సంగతి కూడా చూసుకోండి. అమెరికా తూర్పు తీరంలో వేసవిలో సాయంత్రం ఏడింటి క్లాసు అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. కొందరికి అదే హాయి, ఇంట్లో ఎవరూ లేవకముందే అయిపోతుంది.

హోటల్ హాల్లో శాలువా కప్పి ఇచ్చే "గౌరవ డాక్టరేట్"ను ఈ పోలికలోకి తీసుకురాను. అది చదువు కాదు. పోతే, "ఆరు నెలల్లో థీసిస్‌తో సహా మేమే చూసుకుంటాం" అనే దూర రాష్ట్రాల ప్రైవేటు యూనివర్సిటీల ఏజెంట్లు తిరుపతిలోనూ తిరుగుతుంటారు. 2025 జనవరిలో యూజీసీ రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలను ఐదేళ్లపాటు కొత్త పీహెచ్‌డీ ప్రవేశాలు చేయకూడదని నిలిపేసింది, నిబంధనలు పాటించలేదని. ఏజెంటు చెప్పిన పేరు ఏదైనా ముందు యూజీసీ వెబ్‌సైట్‌లో చూడండి.

ఐదో దారి: డాక్టరేట్ వద్దు, డిప్లొమా చాలు

దీన్ని ఓటమిగా చూసేవారున్నారు, నేను చూడను. బడిని ఇంకా బాగా నడపడమే మీ కోరిక అయితే ఇగ్నో విద్యా నిర్వహణ, పరిపాలన పీజీ డిప్లొమా గానీ, నీపా పాఠశాల నాయకత్వ కేంద్రం వారి ఆన్‌లైన్ కోర్సు గానీ సరిపోతుంది. గైడ్ కోసం తిరగడం లేదు, వైవా టెన్షన్ లేదు. రిటైర్‌మెంట్‌కు ఆరేడేళ్లు మాత్రమే ఉండి, పేరు ముందు డాక్టర్ అన్న కోరిక బలంగా లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు.

| దారి | ఎవరికి నప్పుతుంది | సమయం | అసలు చిక్కు |
|---|---|---|---|
| స్థానిక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ | హెచ్‌ఎంలు, బీఈడీ కాలేజీ ఆలోచన ఉన్నవారు | 3 నుంచి 6 ఏళ్లు, అవసరమైతే పొడిగింపు | కోర్స్‌వర్క్ రోజులు, ఫీల్డ్‌వర్క్ నెలలు |
| నీపా పార్ట్‌టైమ్ | విధాన స్థాయి ఉద్యోగులు | అంతే | ఢిల్లీలో ఉండాల్సిన కాలం |
| సెలవుతో ఫుల్‌టైమ్ | రెండో ఆదాయం ఉన్నవారు | అంతే, త్వరగా ముగిసే అవకాశం ఎక్కువ | సర్వీసు లెక్కలు, కుర్చీ |
| విదేశీ ఈడీడీ | ఇంటర్నేషనల్ స్కూళ్ల వైపు వెళ్లేవారు | కోర్సును బట్టి | ఫీజు, ఇక్కడి గుర్తింపు |
| పీజీ డిప్లొమా, ఆన్‌లైన్ కోర్సు | బడి మీదే మనసున్నవారు, రిటైర్‌మెంట్ దగ్గరపడ్డవారు | తక్కువ | "డాక్టర్" రాదు |

మీ బడి మీదే పరిశోధనా?

పార్ట్‌టైమ్ చేసేవారు ఎక్కువ మంది తడబడేది ఇక్కడ. సొంత బడి చేతిలో ఉంది, డేటా సులువు అనిపిస్తుంది. కానీ హెచ్‌ఎం తన టీచర్లకే "మీ ప్రధానోపాధ్యాయుడి నాయకత్వం ఎలా ఉంది?" అని ప్రశ్నావళి ఇస్తే వచ్చేవి పొగడ్తలే. పేరు రాయక్కర్లేదన్నా, చేతిరాత, సబ్జెక్టు, సర్వీసు సంవత్సరాలు చూస్తే పన్నెండు మంది స్టాఫ్‌లో ఎవరో ఇట్టే తెలుస్తుంది. వైవాలో బయటి పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. స్థానిక పీహెచ్‌డీ ఎంచుకుంటే మీ అధికారం నడవని మండలానికి వెళ్లండి. మార్పు చేసి చూసే ఈడీడీ అయితే సొంత బడే సరి, కాకపోతే సమాచారం సేకరించే పని మరొకరితో చేయించండి.

టాపిక్ కూడా దారితోపాటు ఆలోచించాల్సిందే. పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో వెతికితే "ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శైలి, ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి" తరహా థీసిస్‌లు కుప్పలుగా కనిపిస్తాయి, జిల్లా పేరు మారుతుంది అంతే. మన చుట్టూ అంతకంటే మంచివి ఉన్నాయి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళ మీడియం బడులను తెలుగు హెచ్‌ఎంలు ఎలా నడుపుతున్నారు? మండలానికి ఇద్దరు ఎంఈఓలు వచ్చాక పర్యవేక్షణ నిజంగా మారిందా? మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పుట్టిన బహుళ తరగతుల బోధనా పద్ధతి పక్క మండలాల ఏకోపాధ్యాయ బడుల్లో ఎందుకు నిలిచింది, ఎక్కడ జారిపోయింది? ఇవి ఢిల్లీ వాళ్లు, అమెరికా వాళ్లు రాయలేరు. స్థానిక పీహెచ్‌డీకి ఉన్న అసలు బలం ఇదే.

గైడ్‌ను ఎలా చూడాలి

యూనివర్సిటీ కంటే గైడ్ ముఖ్యం అని అందరూ అంటారు, లెక్కలు మాత్రం ఎవరూ అడగరు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మాత్రమే ఉండాలి. సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలిన గైడ్ కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. కాబట్టి ఖాళీ ఎంత ఉంది, రిటైర్‌మెంట్ ఎప్పుడు అని మర్యాదగానే అడగండి. అంతకంటే ముఖ్యంగా, ఆయన దగ్గర ఇప్పటికే చేస్తున్న ఒక పార్ట్‌టైమ్ స్కాలర్‌తో కాఫీ తాగండి. అధ్యాయం ఇచ్చాక ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, వ్యక్తిగత పనులు చెబుతారా, సెమినార్ల ఖర్చు ఎవరి మీద పడుతుంది, ఇవి ప్రాస్పెక్టస్‌లో ఉండవు.

పేపర్ల ప్రచురణ 2022 నిబంధనల్లో తప్పనిసరి కాదు. యూనివర్సిటీ తన వంతుగా అడిగితే అడగొచ్చు. డబ్బు తీసుకుని వారంలో వేసే జర్నళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, పేరు మీద మచ్చ మిగులుతుంది.

ప్రభుత్వ ఉద్యోగులు ఎన్‌ఓసీ ఫైలును సీటు వచ్చాక కాకుండా ఆర్‌సెట్‌కు దరఖాస్తు చేసిన వారంలోనే కదపండి. డీఈఓ ఆఫీసులో టపాలో ఇచ్చి నంబరు రాసుకోండి. దరఖాస్తులోనే ఆ మూడో వాక్యాన్ని మీరే టైపు చేసి పెట్టండి. కౌన్సెలింగ్ రోజు గుమాస్తాను వెతుక్కునే పని తప్పుతుంది.